ఎదురు పచ్చ

అప్పలసూరి పచ్చ జెండాను కర్రకు చుడుతున్నాడు. మూడో చుట్టు దగ్గర, కిటికీ గూట్లో ఉన్న ఫోను టింగుమంది. చుట్టడం ఆపలేదు. జెండా చుట్టేటప్పుడు మధ్యలో ఆపితే ముడత పడుతుంది. కుడి నుంచి ఎడమకు, అంచు లోపలికి మడిచి, వేలితో ఒకసారి నొక్కి, చుట్ట పూర్తయ్యాక చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు ఫోను తీశాడు. నుదుటి మీదున్న కళ్లజోడు కోసం జేబులన్నీ వెతికి, చివరికి దాన్ని కిందికి లాక్కుని చదివాడు.

"ఒసే ఝాన్సీ! వచ్చీసినాది!"

"ఏటొచ్చినాది, గేసు బండా?" వంటింట్లోంచి కేక.

"పర్మిషనే. మారిషస్‌ది. మనిద్దరికీ ఇచ్చీసినారట."

ఝాన్సీ చోడిపిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. యాభై రెండేళ్ల మనిషి గుమ్మం దగ్గర చిన్నపిల్లలా ఒక గెంతు గెంతి, ఆయన్ని వెనకనుంచి పట్టుకుంది. గార్డు డ్రెస్సు తెల్లచొక్కా. ఎడమ భుజం వెనక అయిదు వేళ్లూ అరచెయ్యీ గోధుమరంగులో అచ్చుపడ్డాయి. ఆయన చూసుకోలేదు. ఆమె చూసింది, చూసి చెప్పకుండా నవ్వుకుంది. వాళ్ల పెళ్లయి అయిదు నెలలు. ఇలాంటివి దాచుకోవడం ఆమెకింకా కొత్తగానే ఉంది.

సందేశం పంపింది గిరిబాబు. విశాఖలో ఉంటాడు, విదేశాల్లో స్థిరపడేవాళ్ల కాగితాలు చూస్తాడు. కింద ఇంకో వాక్యం కూడా రాశాడు: రెండిళ్లలో ఏది కావాలో సాయంత్రం అయిదులోగా చెప్పాలి, ఇంటివాళ్లు ఇంక ఆగరు.

ఒక ఇల్లు రోజ్ హిల్ పట్నంలో, మేడ మీద వాటా. కింద బజారు, ఎదురుగా బస్సులు. నెలకోసారి తెలుగువాళ్లు కలుస్తారట. ఝాన్సీకి అది నచ్చింది. రెండోది టామరిన్ అనే ఊళ్లో సముద్రం పక్కన రేకుల ఇల్లు. నీలం తలుపులు, ముందు చిన్న అరుగు, ఒక పక్క పలకలు పలకలుగా ఉప్పు మడులు, వాటికావల ఒంటికొండ. అప్పలసూరికి అదే కావాలి. రెణ్ణెల్లుగా ఆయన ఫోనులో మ్యాపు తెరిచి, ఆ వీధి ఫొటోల్లో వేలితో నడుచుకుంటూ రోజూ ఆ ఇంటిదాకా వెళ్లి వస్తున్నాడు. ఆ ఫొటోలు పదేళ్ల కిందటివని అడుగున తేదీ ఉంది. అయినా ఆ ఎండ ఇవాళ్టిదిలా ఉంటుంది ఆయనకి.

"మళ్లీ సూడు బావా, ఆ మనిషున్నాడేమో," అంది ఝాన్సీ.

ఆ మనిషిని మొదట చూసింది ఆమే. నెల కిందట, నీలం తలుపు పక్కన, వీపు ఇటు తిప్పి ఉన్న తెల్లచొక్కా మనిషి. ముందు లేడు కదా అంది. ఉండే ఉంటాడు, మనమే చూసుండం అన్నాడాయన. పోయిన వారం చూస్తే ఇటు తిరిగి ఉన్నాడు. ముఖం తెలియదు. మ్యాపువాళ్లు అందరి ముఖాలూ చెరిపేస్తారు కదా, ఇతనిదీ అలాగే తడిగుడ్డతో తుడిచినట్టుంది.

అప్పలసూరి వేలితో వీధిలో నడిచాడు. కొబ్బరిచెట్టు దాటాడు, ఎర్రగోడ దాటాడు. ఇల్లు వచ్చింది.

మనిషి అరుగు మీద నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి భుజం ఎత్తున చాచి ఉంది. చేతిలో పచ్చటిదేదో ఉంది.

వంటింట్లో రాగి అంబలి ఉడుకుతున్న చప్పుడు వినిపించింది.

"కొత్త ఫొటోలు తీసుంటారు," అన్నాడు ఆయన. అడుగున తేదీ పాతదే. ఇద్దరూ చూశారు.

"అరిటాకేమో."

"అరిటాకు అలగ పట్టుకోరే. అది పచ్చ జెండా. ఆల్‌రైటు సూపిస్తన్నాడు." చెబుతుండగానే ఆయన చంకలో ఉన్న జెండా కర్ర మీదికి చెయ్యి వెళ్లింది.

ఝాన్సీ ఆ చెయ్యి పట్టుకుంది. "నువ్వు సూపించకు. పక్కింటి గున్నమ్మప్ప ఏటన్నాదో మరిసిపోనావా? తెలీనోడు పిలిస్తే మూడోసారికి గానీ పలక్కూడదు. ఒకసారికే పలికితే ఎంట తీసుకుపోతాడు."

"ఫొటో పిలుస్తాదేటే?"

"ఏమో. నువ్వు మట్టుకు పలక్కు."

ఆయన నవ్వి చెయ్యి తీసేశాడు. కానీ నవ్వు చివర కొంచెం కరుకుగా వచ్చింది. ఎందుకంటే ఆయన నేర్చుకున్న రూలు సరిగ్గా దీనికి ఎదురు. రైల్వేలో పచ్చ చూపించినవాడికి వెంటనే పచ్చ చూపించాలి. బండి కదిలేటప్పుడు ఇంజను వైపు నుంచి ఒకటి, వెనక గార్డు పెట్టె నుంచి ఒకటి. రెండోదాన్ని ఆయన ఎదురు పచ్చ అంటాడు. ఎదురు పచ్చ పడకపోతే బండి ఆపేయాలి. పడిందా, బండి వెళ్లిపోయినట్టే, ఇంక వెనక్కి పిలవడానికుండదు. ముప్పై ఆరేళ్లలో ఆయన చెయ్యి ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

*

నౌపడ స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఎల్లాజీ ఆయన్ని ముందు నుంచి చూసి నమస్కారం పెట్టాడు, వెనక నుంచి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అన్నా! వదిన స్టాంపేసి పంపించినాదా, తప్పిపోకుండా?"

అప్పలసూరి మెడ తిప్పి, చొక్కా లాక్కుని చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "కడుక్కుంటానురా," అన్నాడు గానీ కుళాయి వైపు వెళ్లలేదు. బండికింకా పదిహేను నిమిషాలుంది. ఆ పదిహేను నిమిషాలూ ఆ భుజం ఎవరికీ తగలకుండా, కొద్దిగా పక్కకి తిరిగి నిలబడ్డాడు.

"ఇంక మూడ్రోజులే సర్వీసు. పెద్ద మేనేజరు పోతన్నాడు," అన్నాడు ఎల్లాజీ. గార్డు అన్న పేరు మార్చి ట్రైన్ మేనేజర్ అన్నప్పటి నుంచీ ఊరంతా అదే వేళాకోళం. "ఆ దేశంలో ఏటి సేస్తావన్నా?"

"కూకుంటాను."

"ఇక్కడ కూకోలేవా?"

అప్పలసూరి జవాబు వెతుక్కునేలోగా గుణుపురం బండికి సిగ్నలు పడింది.

జవాబు ఆయనకి తెలుసు, మాటల్లో పెట్టడమే రాదు. గార్డు పెట్టె బండి చివర ఉంటుంది. డ్రైవరుకు ఊళ్లు ఎదురొస్తాయి. గార్డుకు వెళ్లిపోతాయి. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, అన్నింటినీ ఆయన వెనక్కి జారుతుండగానే చూశాడు. చేను, చెరకు బండి, కుళాయి దగ్గర ఆడవాళ్లు, ఏదైనా కళ్లబడిందంటే అప్పటికే దాటిపోయినట్టు. వయసులో ఉండగా పెళ్లిచూపులకు బయల్దేరిన రోజున బండి ఏనుగుల గుంపు అడ్డొచ్చి నాలుగు గంటలు నిలిచిపోయింది. వెళ్లేసరికి పిల్లను ఇంకొకరికి ఖాయం చేసేశారు. రెండోసారి డ్యూటీ మారింది. మూడోసారి ఆయనే వెళ్లలేదు. తమ్ముళ్లు పొలం చూసుకున్నారు, ఆయన జీతం పంపాడు. అలా ఏళ్లు కూడా వెనక్కే జారిపోయాయి.

నిరుడు యూనిఫాం ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి టెక్కలిలో ఒక టైలరు దగ్గరికి వెళ్లాడు. మంచాన పడ్డ తల్లిని ఇరవై రెండేళ్లు చూసుకుని, ఆవిడ పోయాక ఒక్కతే మిషను తొక్కుకుంటున్న ఝాన్సీ. వరసకి మరదలే. టేపు ఆయన నడుముకు చుట్టి, "ఇన్నేళ్లు ఏటి తిన్నావు బావా, బొగ్గా?" అంది. ఆ ప్యాంటును ఆయన మరో మూడుసార్లు ఏదో వంకతో పట్టుకెళ్లాడు. అరసవల్లిలో పెళ్లయింది. పోర్టు రోడ్డు కింద పోయిన పొలానికి వచ్చిన పరిహారంలో తన వాటా, రాబోయే పింఛను, ఆమె దుకాణం అమ్మినది కలిపి, ఒక్కచోటికి వెళ్దామనుకున్నారు. బంధువులెవరూ వాళ్లని చూసి, ఈ వయసులోనా అని నోరు నొక్కుకోని చోటికి. ఆయన చిన్నతాత ఎప్పుడో ఓడెక్కి వెళ్లి తిరిగిరాని దేశానికి. ముందు ఒక అరుగు, రెండు కుర్చీలు. ఏదీ వెనక్కి జారకుండా, ఎదురుగా నిలబడి ఉంటే చూడాలని ఆయనకి.

బండి కదిలింది. స్టేషను దాటిన అర నిమిషానికి పట్టాల పక్కన వాళ్లిల్లు వస్తుంది. మేడ మీద ఝాన్సీ అప్పటికే నిలబడి ఉంది. జాకెట్ల లోపలి కుట్టుకు వాడే పచ్చగుడ్డ మీటరు ముక్క ఆమె చేతిలో ఉంది. దాన్ని తలమీద గిరగిరా తిప్పింది, ఎప్పట్లాగే, జాతరలో కర్ర తిప్పినట్టు. రైల్వేలో ఎవరూ అలా చూపించరు. ఆయన జెండా విప్పి భుజం ఎత్తున నిటారుగా చాచాడు. ఎదురు పచ్చ. ఆమె చిన్నదవుతూ చిన్నదవుతూ వెళ్లిపోయింది. రోజూ ఇలాగే వెళ్లిపోతుంది. ఇంక మూడే రోజులు.

*

గుణుపురంలో బండి తిరుగు ప్రయాణానికి గంటన్నర ఆగుతుంది. వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద క్యారేజీ విప్పాడు. అడుగు గిన్నెలో ఆవపెట్టిన పనసపొట్టు కూర, దాని మీద ఒక అప్పడం. మూతకి లోపలి వైపు చాక్‌పీసుతో, కుట్టే గుడ్డ మీద గీసినట్టు, పువ్వు గీసి ఉంది. ఆయన మూతను అటూ ఇటూ తిప్పి చూసి, పువ్వు చెరగకుండా పక్కన పెట్టాడు.

తిన్నాక చేతులు తుడుచుకుని ఫోను తెరిచాడు. చూడకూడదనే అనుకున్నాడు.

మనిషి అరుగు దిగి ఉన్నాడు. మెట్టు కింద, ఇసుకలో. పొద్దుటికన్నా దగ్గరగా. చెయ్యి అలాగే చాచి ఉంది. కొబ్బరిచెట్టు నీడ కదలలేదు, ఎండ కదలలేదు, ఆ మనిషొక్కడే. తుడిచేసిన ముఖం తిన్నగా ఇటే ఉంది. ఎదురు పచ్చ కోసం కాచుకుని ఉన్న డ్రైవరు అలాగే మెడ సాచి చూస్తాడు.

అప్పలసూరి జెండాను కిందపెట్టి, దాని మీద కూర్చున్నాడు. ముప్పై ఆరేళ్లలో జెండా మీద కూర్చోవడం అదే మొదలు. చాచిన చెయ్యి ఎదురుగా ఉండగా తన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉండడం ఎంత కష్టమో ఆయనకి అప్పుడే తెలిసింది. మోచెయ్యి దానంతటదే బిగుసుకుంటోంది. చివరికి ఫోను ఆపి, మూత మీద పువ్వు వైపు చూస్తూ కూర్చున్నాడు.

తిరుగు బండి నౌపడ చేరేసరికి మూడు దాటింది. ఉప్పు మడుల మీద ఎండ తెల్లగా మండుతోంది. ఊరు దగ్గరయ్యాక ఆయన అలవాటు కొద్దీ పెట్టెలో కుడివైపు తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఇల్లు వచ్చింది. మేడ మీద పచ్చ కనిపించింది.

ఆయన చెయ్యి లేచింది. జెండా విప్పుకుంది. భుజం ఎత్తున, నిటారుగా.

ఆ తరవాతే ఆయన చూశాడు. మేడ మీది పచ్చ గిరగిరా తిరగడం లేదు. భుజం దగ్గర నుంచి నిదానంగా చాచిన చెయ్యి, రూలు పుస్తకంలో ఉన్నట్టు. ఎండ కళ్లలో పడి మనిషి తెలియలేదు. ఒంటి మీది బట్ట తెల్లగా ఉందని మాత్రం తెలిసింది. ఆ పచ్చ కిందికి దిగింది, పని అయిపోయినట్టు. ఇల్లు వెనక్కి జారిపోయింది.

*

ఇంటికి తాళం వేసి ఉంది.

ఆయన గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. పావుగంటకు ఆటో ఆగింది. ముందు ఒక పెద్ద ఎర్ర సూట్‌కేసు దిగింది, దాని వెనక ఝాన్సీ.

"ఓలమ్మ, వచ్చీసినావా! టెక్కలి ఎళ్లినాను బావా. సూడు, సక్రాలు నాలుగు. ఏలు పెట్టి తోస్తే సాలు, కుక్కపిల్లలాగ ఎంట వస్తాది." వాకిట్లో దాన్ని ఒక చుట్టు నడిపించి చూపించింది. అప్పుడు ఆయన ముఖం చూసింది. "ఏటయినాది?"

"మేడ మీద ఎవరున్నారు?"

"ఎవరుంటారు? తాళం నా కాడే ఉన్నాది."

"నీ పచ్చగుడ్డ?"

ఆమె చేతిసంచి తెరిచింది. సూట్‌కేసుకు గుర్తుగా ముక్క కత్తిరించి కట్టడానికని పట్టుకెళ్లిన కత్తెరతో పాటు పచ్చగుడ్డ మడత అందులోనే ఉంది.

"నాను సూపించీసినానే," అన్నాడు అప్పలసూరి. "నువ్వనుకున్నాను. సెయ్యి ఆగనేదు."

ఝాన్సీ ఆయన జేబులోంచి ఫోను తనే తీసుకుంది. వేలితో కొబ్బరిచెట్టు దాటింది, ఎర్రగోడ దాటింది. ఇంటి ముందు ఎవరూ లేరు. ఇసుకలో లేరు, అరుగు మీద లేరు. నీలం తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఇన్నాళ్లూ మూసి ఉన్న తలుపులు. లోపల చీకటి. అరుగు మీద రెండు కుర్చీలు వేసి ఉన్నాయి.

ఆమె ఫోను ఒళ్లో బోర్లించింది. మామూలు గొంతుతో అంది, "బావా, పట్నం ఇల్లే తీసుకుందాం. మేడ మీద వాటా. బస్సులు, జనం. రాత్రయినా సప్పుడుంటాది."

ఆయనకి ఉప్పు మడులు కావాలి. ఒంటికొండ కావాలి. కానీ ఆమె చేతివేళ్లు సూట్‌కేసు పిడి మీద తెల్లబడి ఉన్నాయి. ఇంత జీవితంలో తన కోసం భయపడ్డ మనిషిని ఆయన చూడటం అదే మొదలు. ఆమె భయపడుతూ కూడా ఎంత బాగుందో అనుకున్నాడు.

"అలగే. పట్నమే," అని గిరిబాబుకు తనే సందేశం కొట్టాడు. రోజ్ హిల్ ఇల్లు ఖాయం. నాలుగూ నలభై.

ఝాన్సీ ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. "ఆ సొక్కా ఇప్పు, ఉతికీస్తాను. ఊరంతా సూసీసుంటారు."

"ఉండనీ."

"సిగ్గు నేదేటి?"

"నేదు," అన్నాడు. జెండాను కిటికీ గూట్లో పెట్టి, పెరటి వైపు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, బూట్లు విప్పి, కాళ్లు చాపుకున్నాడు. సాక్సు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. "టీ పెట్టు. అల్లం ఎక్కువెయ్యి."

ఆమె అల్లం దంచుతుండగా అయిదు గంటల గూడ్సు పెరటి వెనక నుంచి వెళ్లింది. గ్లాసులు గలగలలాడాయి. ఏ బండి వెళ్లినా ఆయన వాచీ చూసుకుని, ఎంత ఆలస్యమో పైకే చెబుతాడు. నిద్రలో కూడా చెబుతాడు. ఝాన్సీ రోకలి ఆపి ఆ మాట కోసం చూసింది.

బండి చివరిదాకా వెళ్లిపోయింది. పెరట్లోంచి మాట రాలేదు.

ఆమె టీ పొంగకుండా పొయ్యి ఆర్పి, అప్పుడు వెళ్లింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. కుడిచెయ్యి కుర్చీ పక్కన వేలాడుతూ ఉంది. వాచీ నడుస్తోంది.

*

చీకటి పడేలోగా చుట్టుపక్కలవాళ్లు వచ్చేశారు. ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి, గుండె అన్నాడు, నిద్రలోనే అన్నాడు. గున్నమ్మ ఆయన తలాపున దీపం పెట్టి, ఝాన్సీ పక్కన గోడకి చేరగిలి కూర్చుంది. వాకిట్లో ఎర్ర సూట్‌కేసు ఎవరికీ అడ్డు రాకుండా ఎవరో పక్కకి తోశారు. అది నిజంగానే కుక్కపిల్లలా వెళ్లింది.

ఝాన్సీ ఏడ్చి, ఆపి, మళ్లీ ఏడ్చి, తరవాత ఫోను తీసింది. కొబ్బరిచెట్టు. ఎర్రగోడ.

అరుగు మీద ఒక కుర్చీలో మనిషి కూర్చుని ఉన్నాడు. ముఖం చెరిపేసి ఉంది. కాళ్లు చాపుకుని, కొంచెం పక్కకి తిరిగి, ఉప్పు మడుల వైపు చూస్తున్నాడు. అందువల్ల ఎడమ భుజం వెనక భాగం కనిపిస్తోంది. తెల్లచొక్కా మీద గోధుమరంగులో అయిదు వేళ్లు. ఆమె తన చెయ్యి ఫోను పక్కన పెట్టి చూసుకుంది. వంకర చిటికెనవేలు కూడా అలాగే ఉంది. పక్క కుర్చీ ఖాళీ. ఆయన కుడిచెయ్యి ఇటువైపుకు చాచి ఉంది, చేతిలో పచ్చ.

ఝాన్సీ చెయ్యి సంచిలోకి వెళ్లింది. పచ్చగుడ్డ మడత వేళ్లకి తగిలింది.

గున్నమ్మ ఆ చేతిని చూసింది, ఫోను చూడలేదు. "ఎన్నోసారే?" అంది చిన్నగా.

"మొదటిసారి."

"మరింకేటి, ఆగు."

ఝాన్సీ గుడ్డను వదిలేసి చెయ్యి బయటికి తీసుకుంది. భయం వేయలేదు. రోజూ మేడ మీద బండి కోసం నిలబడేటప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది లోపల.

ఎల్లాజీ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "వదినా, రేపు పాడె ఎన్నింటికి లేపమంటావు? సెప్పాల అందరికీ."

"గుణుపురం బండి ఎల్లినాక," అంది ఝాన్సీ. "రేపు ఆ బండికి నాను మేడ మీద నిలబడి పచ్చ సూపించాల. ఆ గార్డుకి సెప్పు, ఎదురు పచ్చ సూపించమను. అప్పుడు లేపండి. అయ్యన్నీ అయినాక మజ్జానం గిరిబాబుకి ఫోను సేస్తాను, ఇల్లు మార్చమని."

"ఏ ఇల్లు వదినా?"

"పట్నం ఇల్లొద్దు. ఉప్పు మడులది."

"ఒక్కర్తివే ఎలతావేటి అంత దూరం?"

"మీ అన్న పిలిసినాడు. ఒకసారే. ఇంకా రెండుసార్లున్నాది," అని ఆమె కళ్లు తుడుచుకుంది. "అందాకా ఆ ఇల్లు తుడుసుకోవాల కదా, ఆడకెళ్లి."

కిటికీ గూట్లో జెండా ఉంది. కుడి నుంచి ఎడమకు, ఎక్కడా ముడత లేకుండా చుట్టి, అంచు లోపలికి మడిచి ఉంది. పొద్దుటి దాకా పచ్చగా ఉన్న ఆ అంచు వెంట సన్నటి గీతలా ఉప్పు తెల్లగా పేరుకుని, దీపం వెలుగులో మెరుస్తోంది.